నారికి మైనం

మొదట మాకు తేనె అక్కరలేదు.
మైనం కావాల.

దూదేకే వింటికి నారి పొడిబారితే
పత్తి చుట్టుకుంటుంది, ముడిపడుతుంది,
ఉన్నట్టుండి తెగుతుంది.
తెగిన నారి మొహాన కొట్టి
మా ముత్తబ్బ పీరాసాబుకు ఎడమ కన్ను పోయింది.
ఆ తర్వాతనే ఆయన
యాడికి గుట్టల్లో తొర్రలు వెతుక్కుంటా తిరిగినాడు,
ఒంటికన్నుతో,
పిడికెడు మైనం కోసం.

తిరిగి తిరిగి కాళ్ళు నొచ్చి
ఒక కుండను తెచ్చి పెరటి రాతిగోడలో పొదిగినాడంట.
చిటికెనవేలు దూరేంత చిల్లు,
లోపల వేపాకు పొగ, పాత మైనం పూత.
మూడు పున్నములు కుండ ఖాళీగానే ఉండిందంట.
నాలుగో దానికి
వాకిట్లో విల్లు మోగుతా ఉంటే
జుమ్మని ఒక గుంపు దిగిందంట.

"వింటి మోత విని
మనోళ్ళే అనుకొనుంటాయి" అని
మా అవ్వ కాశింబీ నవ్వుతుంది.
నిజంగా నమ్ముతావా అవ్వా అంటే మాత్రం
నవ్వదు.

పరుపుల్లోకి స్పాంజి వచ్చినాక
విల్లు చూరెక్కింది.
పని పోయి, పనికి కావలసిన సరుకు మిగిలింది మాకు:
గోడలో తొమ్మిది కుండలు.

అబ్బ చెప్పిన మాటలు తక్కువే.
వాసన నూనె రాసుకొని గోడకాడికి రావద్దు.
కోపమొస్తే పోయి చెరువుకట్ట దాకా నడిచి రా.
పిల్లలున్న అరను కోయొద్దు.
మొదటి పాలు వాటిది,
రెండోది ఎండాకాలానిది,
ఇంకేమన్నా మిగిల్తే మనది.

అవ్వ అయితే ఒక చుక్క నాలుక మీద వేసుకొని
"చిన్నపరెడ్డి చీనీతోటది,
ఈ ఏడు చెట్లను మరీ ఎండగట్టినాడు" అంటుంది.
ఆ మాట ఆయన చెవిన పడి
మరుసటి దినం నీళ్ళు వదిలినాడు కూడా.

మందు కొట్టే ముందు రోజు
చిన్నపరెడ్డి మనిషిని పంపేవాడు.
ఆ రాత్రి తొమ్మిది మూతులకూ తడిగోనెలు.
నలభై ఏండ్లు, ఒక్కసారీ మరువలేదు.

ఆయన పోయినాక తోట గుత్తకు పోయింది.

పోయిన మాఘంలో ఒక తెల్లవారి
గోడ కింద నల్లగా, తడిగా, కుప్ప.
ఏకినాక రాలిన పత్తిగింజలేమో అనుకొన్నా,
నిద్రమొహంలో.
మా ఇంట్లో పత్తి ఏకి ముప్పై ఏండ్లయింది.

అవ్వ ఏడ్వలేదు.
చాటలోకి ఎత్తి చెరిగింది.
మెల్లగా, గాలి తగిలీ తగలకుండా,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు
చచ్చినవాటిలో బతికినవాటిని ఏరింది.
పదకొండు కదిలినాయి.
బెల్లం నీళ్ళు తమలపాకు మీద పోసి పెట్టింది.
సాయంత్రానికి నేను లెక్కపెట్టలేదు.

గుత్తదారు, తాడిపత్రి పిల్లోడు, వచ్చి నిలబడినాడు.
"నాకెవురూ చెప్పలేదు కదమ్మా."
తిడదామని నోరు తెరిచినా.
నిజమే, ఎవరు చెప్పినారు?
తేనె తీసేది నేర్పినారు మాకు,
పొగ పెట్టేది నేర్పినారు.
ఆ కబురు మాత్రం
రెండు ముసలి ప్రాణాల నడుమే తిరిగి
ఒకరితో పాటు పోయింది.

ఆ రాత్రి విల్లు దించినా.
డబ్బాలో చివరి మైనపు ముద్దతో
నారిని ఈ కొననుంచి ఆ కొనకు రుద్దినా.
నాకు ఏకడం రాదు, మా నాయనకూ రాదు.
అవ్వ వెనకనుంచి నా మణికట్టు పట్టుకొని
"కొట్టొద్దు పిల్లా, తాకించు" అనింది.
మోగింది.
పక్కింటి కుక్క లేచింది.
పిల్లకాయలు వచ్చి చుట్టూ కూర్చున్నారు.
ఒక్క ఈగా రాలేదు.

మూడో రాత్రి గుత్తదారు వచ్చినాడు, ఏం మోత ఇది అని.
చెప్పినా.
ఫోను తీసి నా నంబరు ఎక్కించుకున్నాడు.
వంగి చూసినా, నా పేరు అడగనేలేదు,
"తేనెటీగలు" అని రాసుకున్నాడు.

ఎనిమిది కుండలు ఖాళీ.
తొమ్మిదో దానికి చెవి ఆనిస్తే
ఏదో ఉన్నట్టే ఉంటుంది,
నా నెత్తురు మోతేనేమో.

"మూడు పున్నములు కావాల కదా" అంటుంది అవ్వ.

ఒకటి పోయింది.